బాడుగ బాకీ పడి ఇల్లు ఖాళీ చేయమంటున్నారా? ఈ పనులు ఇలా చేసుకుంటూ రండి

ఒక నెల బాడుగ ఆగితే ఎలాగో సర్దుకోవచ్చు. రెండో నెల కూడా ఆగితే ఓనర్ ఎదురుపడతాడేమోనని మెట్ల దగ్గర ఆగి, ఆయన లోపలికి పోయాకే పైకి ఎక్కుతాం. మూడో నెలకు ఫోన్ మోగినా ఎత్తం. అనంతపురంలో పైపోర్షన్లలో, రెండు గదుల మిద్దెల్లో బాడుగకు ఉండే ఎన్నో కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే. ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది, లేదంటే షాపువాళ్లు జీతం ఆపేస్తారు, లేదంటే బెంగళూరు పనికి పోయిన మనిషి నుంచి డబ్బు రాదు. బాడుగ ఆగడం వాటి వెనకాలే వస్తుంది.

ఇల్లు చేజారేది బాకీ వల్ల కంటే, ముఖం చాటేయడం వల్లా, చేతిలో ఒక్క కాగితం కూడా లేకపోవడం వల్లా ఎక్కువ. ఓనర్‌తో మాట్లాడుతూ, ప్రతి రూపాయికీ రుజువు పెట్టుకుంటూ వచ్చిన కుటుంబానికి ఆరు నెలల బాకీ ఉన్నా దారి దొరుకుతుంది. తప్పించుకు తిరిగితే రెండు నెలల బాకీకే గొడవ ముదురుతుంది. అందుకే కింద చెప్పిన పనులను అదే వరుసలో చేయండి. లాయర్ నోటీసు ఇప్పటికే వచ్చి ఉంటే మాత్రం ముందు నోటీసు గురించిన భాగం చదివి, ఈ రోజే కదలండి.

మొదటి పని: లెక్క కాగితం మీద పెట్టండి

టెన్షన్‌లో ఉన్నప్పుడు బాకీ ఎంతో సరిగ్గా గుర్తుండదు. "ఒక ఇరవై వేల దాకా ఉంటుంది" అంటాం. ఓనర్ మనసులో ఇరవై ఐదు ఉంటుంది. సగం గొడవలు ఈ తేడాతోనే మొదలవుతాయి. అందుకే ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు సంగతులు రాయండి: ఏ నెల నుంచి బాడుగ కట్టలేదు, కరెంటు, నీళ్ల బాకీ ఎంత, మధ్యలో ఏమైనా కొంత ఇచ్చారా, అడ్వాన్సు కింద ఎంత ఇచ్చారు.

ఉదాహరణకు బాడుగ నెలకు 6,000 అనుకుందాం. మే, జూన్, జూలై కట్టలేదు. అంటే 18,000. కరెంటు బిల్లు 1,400 కలిపితే 19,400. జూన్ 20న చేతికి 2,000 ఇచ్చారు. మిగిలింది 17,400. అడ్వాన్సు 15,000 ఓనర్ దగ్గరే ఉంది. ఇంత స్పష్టంగా రాసుకోవాలి.

అడ్వాన్సు గురించి ఇక్కడే ఒక మాట. "మా దుడ్లు పదహైదు వేలు మీ దగ్గరే ఉన్నాయి కదా, అందులో పట్టుకోండి" అని చాలామంది అంటారు. ఓనర్ ఒప్పుకుంటే తప్ప అడ్వాన్సు దానంతటది బాడుగ కింద జమ కాదు. పైగా ఆ ఇంట్లోనే ఉండాలనుకుంటే ఈ మాట ఎత్తకపోవడమే మంచిది. అడ్వాన్సు కూడా అయిపోయిందంటే ఓనర్‌కు భయం పట్టుకుంటుంది, ఖాళీ చేయమనే ఒత్తిడి పెరుగుతుంది. వెళ్లిపోవాలని గట్టిగా అనుకున్నప్పుడు మాత్రం అడ్వాన్సును బాకీలో మినహాయించుకోమని అడగడమే సరైన దారి.

పాత అగ్రిమెంట్ ఎక్కడుందో వెతకండి. మన దగ్గర ఎక్కువగా 11 నెలలకు స్టాంపు పేపరు మీద రాసుకుంటారు. 11 నెలలు అయిపోయాక మళ్లీ ఎవరూ రాయరు. గడువు అయిపోయింది కాబట్టి మీకు హక్కే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఓనర్ బాడుగ తీసుకుంటూ, మీరు ఉంటూ వచ్చినంత కాలం నెలనెలా బాడుగకు ఉన్నట్టే లెక్క. అసలు అగ్రిమెంటే లేకపోతే ఫోన్‌పేలో పంపిన బాడుగలు, మీ పేరు మీద ఆ ఇంటి అడ్రస్‌తో ఉన్న గ్యాస్ బుక్కు, ఆధార్, పిల్లల స్కూల్ రికార్డు మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి. అవన్నీ ఒక కవరులో పెట్టండి.

రెండో పని: ఆయన అడగక ముందే మీరు పోయి మాట్లాడండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే.

మీ ఓనర్ ఎవరో ఒకసారి ఆలోచించండి. అనంతపురంలో బాడుగ ఇళ్ల ఓనర్లు చాలావరకు కంపెనీలు కాదు. రిటైరైన టీచర్, ఆర్టీసీలో చేసి దిగిపోయిన మనిషి, భర్త పోయాక కింద పోర్షన్ బాడుగతో బతికే ఆమె, బ్యాంకు లోను తీసుకుని పైఅంతస్తు కట్టుకున్న గుమస్తా. మీరు కట్టే 6,000 మీద వాళ్ల మందులో, లోను కంతో ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి మీకు తెలుసని వాళ్లకు తెలిస్తే మాట తీరే మారిపోతుంది.

ఎప్పుడు పోవాలి? మెట్ల మీద నిలబెట్టి, పక్క పోర్షన్ వాళ్లు వింటుండగా మాట్లాడకండి. సాయంత్రం పూట వాళ్ల ఇంటికి పోయి, కూర్చుని మాట్లాడండి. ఇంట్లో ఇద్దరూ పోతే మంచిది. నోటుబుక్కు చేతిలో ఉండాలి. మొదటి రెండు మాటల్లోనే విషయం చెప్పేయండి:

"సార్, మూడు నెలల బాడుగ బాకీ పడినాం. కరెంటుతో కలిపి పదిహేడు వేల నాలుగు వందలు అయింది, మా లెక్క ఇది, మీరు ఒకసారి చూడండి. ఎగ్గొట్టేవాళ్లం కాదు సార్. మా ఆయనకు ఆపరేషన్ అయి రెండు నెలలు పనికి పోలేదు. పోయిన వారం నుంచి పోతున్నాడు. ఈ రోజు ఐదు వేల నాలుగు వందలు తెచ్చినాం. మిగతా పన్నెండు వేలు నెలకు వెయ్యిన్నర చొప్పున బాడుగతో కలిపి కడతాం."

ఇందులో చూడండి. లెక్క ఉంది, కారణం ఒక్క ముక్కలో ఉంది, చేతిలో కొంత డబ్బు ఉంది, మిగతాదానికి నెలకు ఎంతో ఉంది. ఏడుపు, వాదన లేవు. "పై నెల మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాం" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. అది జరగదని మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఒకసారి తప్పిన మాట తర్వాత వెయ్యిన్నర కడతామన్నా నమ్మరు. మీ జీతంలోంచి నిజంగా మిగిలేది వెయ్యి అయితే వెయ్యే చెప్పండి.

తేదీ కూడా మీ డబ్బు చేతికొచ్చే రోజును బట్టి అడగండి. జీతం 7న పడితే బాడుగ 1నే ఇవ్వమంటే ప్రతి నెలా ఆలస్యం అయినట్టే కనిపిస్తుంది. "10వ తేదీలోగా ఇస్తాం సార్" అని ఒక్కసారి ఒప్పిస్తే నెలనెలా మాట పడే బాధ పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఎన్టీఆర్ భరోసా పింఛను వస్తుంటే అది నెల మొదటి రోజే అందుతుంది, దాన్నీ లెక్కలో చేర్చండి.

ఆయన కోప్పడవచ్చు. పడనివ్వండి. ఆ రోజు ఒప్పుకోకపోయినా రెండు రోజులాగి ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని తీసుకుని మళ్లీ పోండి. మిమ్మల్ని ఆ ఇంట్లో చేర్పించిన మనిషి ఉంటే ఆయనే సరైనవాడు.

మూడో పని: ఒప్పుకున్నది రాయించుకోండి

నోటిమాటతో లేచి రావద్దు. తెల్లకాగితం చాలు. ఇలా రాయవచ్చు:

"కోవూర్ నగర్‌లోని ఇంటి పైపోర్షన్ బాడుగ నెలకు 6,000. మే, జూన్, జూలై బాడుగ 18,000, కరెంటు 1,400, మొత్తం 19,400. ఇందులో జూన్ 20న 2,000, ఈ రోజు ఆగస్టు 3న 5,400 ముట్టినవి. మిగిలిన బాకీ 12,000. ఆగస్టు నుంచి మార్చి వరకు ప్రతి నెల 10వ తేదీలోగా ఆ నెల బాడుగ 6,000తో పాటు బాకీ కింద 1,500 చొప్పున 8 నెలల్లో తీర్చాలని, అలా కడుతున్నంత కాలం ఖాళీ చేయమని అడగకూడదని ఒప్పుకున్నాం. అడ్వాన్సు 15,000 ఓనర్ వద్ద అలాగే ఉన్నది."

కింద ఇద్దరి సంతకాలు, తేదీ, వీలైతే ఒక సాక్షి. రెండు కాపీలు. ఓనర్ సంతకం పెట్టడానికి ఇష్టపడకపోతే ఇదే మాటను వాట్సాప్‌లో పంపి "సరేనా సార్?" అని అడగండి. ఆయన "సరే" అని ఒక్క ముక్క పెట్టినా పనికొస్తుంది.

కొందరు ఓనర్లు బాకీకి హామీగా ఖాళీ చెక్కో, అంకె వేయని ప్రోనోటో అడుగుతారు. ఇది ఇవ్వకండి. బాడుగ బాకీ సివిల్ వ్యవహారం, క్రిమినల్ కేసు కాదు. అదే చెక్కు బౌన్సు అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. చిన్న బాకీని మీ చేతులతో మీరే పెద్ద కేసు చేసుకున్నట్టవుతుంది. పైన చెప్పిన కాగితం ఇస్తామని మర్యాదగా చెప్పండి.

ఇక ముందు ప్రతి చెల్లింపుకూ రుజువు ఉండాలి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపేటప్పుడు నోట్ దగ్గర "ఆగస్టు బాడుగ 6,000, పాత బాకీ 1,500" అని రాయండి. దీనికి కారణం ఉంది. కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇచ్చేవాడు ఏ బాకీ కింద ఇస్తున్నాడో చెబితే దాని కిందే జమ చేసుకోవాలి. చెప్పకపోతే తీసుకున్నవాడు తన ఇష్టమొచ్చిన బాకీలో జమ చేసుకోవచ్చు. అప్పుడు ఆగస్టు బాడుగ అసలు కట్టనే లేదన్న మాట రావచ్చు. నగదు ఇస్తే నోటుబుక్కులో నెల, మొత్తం రాసి అక్కడే సంతకం పెట్టించుకోండి. 5,000 దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. రసీదు అడిగితే ఓనర్ ఏమనుకుంటాడో అని మొహమాటపడే వాళ్లు ఎక్కువ. రసీదు అడగడం కిరాయిదారు హక్కు. "మా లెక్క మాకు గుర్తుండడానికి సార్" అంటే ఎవరూ తప్పు పట్టరు.

నాలుగో పని: డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, ఎక్కడి నుంచి తేకూడదు

ముందుగా తేకూడని చోటు. వారం ఫైనాన్సు, రోజువారీ ఫైనాన్సు, ఫోన్‌లో నిమిషాల్లో వచ్చే లోను యాప్. బాడుగ కట్టడానికి వీటి దగ్గరికి పోయిన కుటుంబం ఇల్లూ పోగొట్టుకుంటుంది, అప్పూ మిగులుతుంది. ఐదు రూపాయల వడ్డీకి 20,000 తెస్తే నెలకు 1,000 వడ్డీకే పోతుంది, ఏడాదికి 12,000. అసలు ఒక్క రూపాయీ తగ్గదు. రోజువారీ ఫైనాన్సు వాళ్లు ముందే కొంత కోసి ఇస్తారు కాబట్టి అసలు వడ్డీ ఇంకా ఎక్కువ. లోను యాప్ వాళ్లు బెదిరిస్తే, మీ ఫోటోలు పంపుతామంటే 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే సంఘం అంతర్గత అప్పు అన్నిటికంటే నయం. చాలా సంఘాల్లో రూపాయి వడ్డీకే ఇస్తారు, కంతులు కూడా చిన్నవి. తర్వాత పనిచేసే చోట జీతంలో అడ్వాన్సు. చీటీ వేస్తుంటే ఎంత నష్టానికి పాడాల్సి వస్తుందో చూసుకుని పాడండి. బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. బ్యాంకు వడ్డీ మామూలుగా రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. వీధి చివర తాకట్టు కొట్టులో రెండు మూడు రూపాయలు అడుగుతారు.

ఖర్చు వైపు చూస్తే, ఆసుపత్రి వల్లే బాకీ పడి ఉంటే ఇకముందు ఆసుపత్రికి పోయేటప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ జబ్బు వస్తుందో లేదో ముందే ఆసుపత్రిలోని ఆ పథకం హెల్ప్‌డెస్క్‌లో అడగండి. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది. టౌన్‌లో పని చేసుకునే మనిషి మధ్యాహ్నం అక్కడ తింటే నెలకు బాకీ కంతులో మంచి భాగమే మిగులుతుంది. తల్లికి వందనం లాంటి డబ్బు పడే నెల ఏదో తెలిస్తే పెద్ద కంతు ఆ నెలకు పెట్టుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే బాడుగ సంగతి తేలుతుందని చాలామంది పొద్దున్నే పోయి క్యూలో నిలబడతారు. అక్కడ ఓనర్‌కూ మీకూ మధ్య తగాదా తీర్చరు. పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం గురించైతే అర్జీ ఇవ్వండి. బాడుగ తగాదాకు పోవలసిన చోటు కోర్టు ఆవరణలో ఉంది, ఆ సంగతి కింద చెబుతాను.

బాడుగ ఇస్తామన్నా ఓనర్ తీసుకోకపోతే

ఇది తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది. ఓనర్‌కు మిమ్మల్ని పంపించాలనే ఉంటే, కొత్తవాళ్లు రెండు వేలు ఎక్కువ ఇస్తామంటే, ఆయన బాడుగ తీసుకోవడం మానేస్తాడు. "వద్దులే, ఖాళీ చేయండి చాలు" అంటాడు. మీరు కూడా సరే అని ఊరుకుంటారు. ఆరు నెలల తర్వాత అదే మనిషి కోర్టులో ఆరు నెలలుగా బాడుగ కట్టలేదని చెప్పవచ్చు.

కాబట్టి తీసుకోకపోయినా ఇవ్వడానికి మీరు సిద్ధంగా ఉన్నారని రుజువు చేసుకుంటూ పోవాలి. ముందు ఫోన్‌పేలో పంపండి. నంబరు బ్లాక్ చేస్తే, ఏ బ్యాంకు ఖాతాలో వేయమంటారో చెప్పమని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో, అందినట్టు సంతకం తిరిగొచ్చేలా పంపండి. 2025లో రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి పోస్టాఫీసులో అలాగే అడగండి. ఉత్తరం కాపీ, పోస్టాఫీసు రసీదు దాచండి. అప్పటికీ జవాబు లేకపోతే లాయర్ ద్వారా బాడుగను బాడుగ చట్టం కింద అధికారి ముందు డిపాజిట్ చేయవచ్చు. మన రాష్ట్రంలో చాలాకాలం నడిచిన 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టంలోనూ ఈ దారి ఉంది, 2017లో ఇళ్లకూ షాపులకూ కలిపి తెచ్చిన అద్దె చట్టంలోనూ ఉంది. ఆ నెల బాడుగ డబ్బును మాత్రం వేరే ఖర్చుకు వాడకండి. ఓనర్ తీసుకోలేదు కదా అని వాడేస్తే, అడిగిన రోజు చేతిలో ఉండదు.

నోటీసు వస్తే

పోస్ట్‌మ్యాన్ లాయర్ కవరు తెస్తే కొందరు "మేం లేమని చెప్పు" అని తిప్పి పంపిస్తారు. అది పెద్ద నష్టం. సరైన అడ్రస్‌కు వచ్చిన కవరును తీసుకోకుండా తిప్పి పంపితే, కోర్టు అది మీకు అందినట్టే చూస్తుంది. లోపల ఏముందో తెలియనిది మీకొక్కరికే.

తీసుకోండి. కవరు మీద అందిన తేదీ రాసిపెట్టండి, కవరు కూడా పారేయకండి. నోటీసులో మూడు సంగతులు చూడండి: ఎంత బాకీ అంటున్నారు, ఎప్పటిలోగా ఖాళీ చేయమంటున్నారు, కారణం ఏం రాశారు. నెలనెలా బాడుగకు ఉండే ఇంటికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. ఆ 15 రోజులు అయిపోయిన మరుసటి రోజు సామాన్లు రోడ్డు మీద పడేస్తారని దాని అర్థం కాదు. గడువు అయ్యాక ఓనర్ కోర్టుకు పోవడానికి దారి తెరుచుకుంటుంది, అంతే. కానీ ఆ గడువులోపు జవాబు ఇవ్వడం చాలా ముఖ్యం. జవాబు ఇవ్వకపోతే నోటీసులో రాసిన బాకీ లెక్కంతా మీరు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

లాయర్‌కు డబ్బు లేదని ఆగిపోకండి. అనంతపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. కర్నూలు, కడప కోర్టుల్లోనూ ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను అడగవచ్చు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. అగ్రిమెంట్‌లో భార్య పేరు ఉంటే, లేదా నోటీసు ఆమెకు కూడా వచ్చి ఉంటే, ఆమె పేరుతో దరఖాస్తు పెట్టండి. పోయే ముందు 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. మొదటి పనిలో కవరులో పెట్టిన కాగితాలన్నీ, నోటుబుక్కు, ఫోన్‌పే స్టేట్‌మెంట్ ప్రింటు, ఆధార్ జిరాక్స్ తీసుకుపోండి.

అక్కడే ఇంకో మంచి దారి ఉంది. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. కంతుల్లో కట్టుకునే ఒప్పందమో, ఫలానా తేదీకి ఖాళీ చేసే ఒప్పందమో అక్కడ కుదిరితే అది కోర్టు తీర్పుతో సమానం. దాని మీద అప్పీలు లేదు. అందుకే నిలబెట్టుకోగలిగిన తేదీకే సంతకం పెట్టండి. అక్కడ అందరూ తొందరపెడుతున్నట్టు అనిపిస్తే, "ఇంట్లో ఒకసారి మాట్లాడి చెబుతాం సార్" అనే హక్కు మీకుంది.

తాళం వేస్తే, కరెంటు తీస్తే, మనుషుల్ని పంపితే

కోర్టు ఆర్డర్ లేకుండా మిమ్మల్ని బలవంతంగా ఇంట్లోంచి గెంటే అధికారం ఓనర్‌కు లేదు. ఆయన పిలిపించిన మనుషులకూ లేదు, పోలీసులకూ లేదు. బాకీ ఎంత ఉన్నా ఇదే న్యాయం. కరెంటు, నీళ్లు ఆపి పంపించేయడాన్ని బాడుగ చట్టాలు ఒప్పుకోవు.

ఇంటికి బయటినుంచి తాళం వేస్తే, కోపంతో పగలగొట్టి గొడవకు దిగకండి. ముందు ఫోటో, వీడియో తీయండి. లోపల మనిషో, మందులో, పిల్లల పుస్తకాలో ఉంటే 112కు ఫోన్ చేసి అదే చెప్పండి. ఆడవాళ్లు 181కి కూడా చేయవచ్చు. ఆ తర్వాత మీ పరిధిలోని స్టేషన్‌కు పోయి, అది వన్ టౌన్ కావచ్చు, ఫోర్త్ టౌన్ కావచ్చు, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి" అంటారు. బాకీ సంగతి సివిలే. కానీ ఇంట్లోకి జొరబడటం, బెదిరించడం, సామాన్లు బయట వేయడం సివిల్ కాదు. ఫిర్యాదులో బాడుగ గొడవను ఒక్క వాక్యంలో ముగించి, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేశారో మాత్రమే వివరంగా రాయండి.

కరెంటు విషయంలో, మీటరుకు బిల్లు కట్టి ఉండి ఓనర్ ఫ్యూజు తీసేస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కరెంటు బిల్లు కూడా బాకీ ఉంటే మాత్రం ముందు అది కట్టేయండి. అన్ని బాకీల్లోకి అది చిన్నది.

ఒకవేళ నిజంగానే బయటికి గెంటేసి వేరేవాళ్లను చేర్చినా దారి ఉంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా, బలవంతంగా తీసేశారా లేదా అన్నదే చూసి మళ్లీ మీకు అప్పగించమనవచ్చు. ఆ 6 నెలలు దాటనివ్వకండి.

కేసు కోర్టుకు పోతే

సమన్లు వచ్చిన రోజు తప్పకుండా పోండి. పోకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది, ఆ తీర్పు తీసేయించుకోవడం చాలా పెద్ద పని. ఈ దశలో కూడా బాకీ కట్టడం పనికొస్తుంది. బాడుగ కట్టలేదన్న కారణంతోనే లీజు రద్దు చేసి దావా వేస్తే, విచారణలో బాకీ, వడ్డీ, ఖర్చులు చెల్లించిన కిరాయిదారుకు ఇల్లు నిలిపే అధికారం ఆస్తి బదిలీ చట్టం 114వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. 1960 చట్టం కూడా కావాలని ఎగ్గొట్టడాన్నీ, కష్టం వచ్చి ఆలస్యం కావడాన్నీ వేరువేరుగా చూసింది. ఆపరేషన్ కాగితాలు, జీతం ఆగినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, మీరు మధ్యలో ఇచ్చిన 2,000, వాట్సాప్ మాటలు అప్పుడు అక్కరకొస్తాయి. కేసు నడుస్తోంది కదా అని నెలనెలా బాడుగ మాత్రం ఆపకండి. ఓడిపోయినా ఖాళీ చేయించేది కోర్టు అమీనానే, ఓనర్ కాదు. అప్పీలుకు గడువు ఎంతో తీర్పు రోజే లాయర్‌ను అడిగి రాసుకోండి.

లెక్క కుదరకపోతే, మర్యాదగా మారడం

జీతం 14,000, బాడుగ 6,000, పాత కంతు 1,500, స్కూలు ఫీజు, సరుకులు. ఎంత తిప్పినా నెలకు రెండు వేలు తక్కువ పడుతుంటే ఆ ఇంట్లో ఉండటానికి పోరాడటం వల్ల బాకీ పెరగడమే తప్ప లాభం లేదు. చిన్న ఇంటికి మారడం ఓడిపోవడం కాదు. దాన్ని మీరే ముందు చెప్పి మారితే ఓనర్ బాకీలో కొంత వదులుకోవడానికి కూడా ఒప్పుకోవచ్చు. కోర్టుకు పోతే ఆయనకూ ఏళ్లు పడుతుంది, ఖర్చవుతుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

గడువు అడిగేటప్పుడు పిల్లల పరీక్షల వరకు అడగండి, దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆషాఢంలోనో, మూఢంలోనో ఖాళీ చేయమంటే ఆ రోజుల్లో కొత్తగా ఎవరూ ఇల్లు చేరరని ఓనర్‌కూ తెలుసు. "శ్రావణం వచ్చినాక మారతాం సార్, అప్పుడైతే మీకూ వెంటనే మనుషులు దొరుకుతారు" అంటే ఆ మాటకు బలం ఉంటుంది.

రుద్రంపేట, పాపంపేట, కక్కలపల్లి వైపు ఊరి అంచుల్లో ఇల్లు చూసేటప్పుడు బాడుగ ఒక్కటే చూడకండి. బాడుగ 2,000 తగ్గినా రోజుకు ఆటోకు 60 అయితే 26 రోజులకు 1,560 పోతుంది. పనికి, బడికి నడిచిపోయే దూరంలో చిన్న గది దొరికితే అదే మేలు.

ఖాళీ చేసే రోజు ఓనర్‌ను పిలిచి గదులన్నీ చూపించండి. గోడలు, బాత్‌రూమ్, ఫ్యాన్లు వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి చివరి బిల్లు కట్టండి. అడ్వాన్సులో పెయింటుకు ఎంత పట్టుకుంటారో, బాకీకి ఎంత మినహాయించుకుంటారో అంకెలతో రాయించండి. తాళాలు ముట్టాయనీ, అడ్వాన్సు పోను ఇంత బాకీ మిగిలిందనీ లేదా ఏ బాకీ లేదనీ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే తాళాలు చేతికివ్వండి. ఆ వారంలోనే గ్యాస్, ఆధార్ అడ్రస్ మార్పించండి, రేషన్ కార్డు సంగతి సచివాలయంలో అడగండి.

కొత్త ఇంట్లో చేరాక పాత నోటుబుక్కు, రసీదులు, ఆఖరి కాగితం పారేయకండి. బాడుగ బాకీ కోసం దావా వేయడానికి 3 ఏళ్ల గడువు ఉంటుంది. కాబట్టి అప్పటిదాకా వాటిని ఇంటి పత్రాలతో పాటే దాచండి.